సుషేణుని చూపు, హనుమ తెచ్చిన కొండ

శ్రీ విష్ణుసహస్రనామమును నిత్యము పారాయణ చేయు భక్తులు 'భేషజమ్', 'భిషక్' అను రెండు నామములను పక్కపక్కనే ఉచ్చరించుచుందురు. భేషజమనగా మందు, భిషక్కనగా వైద్యుడు. సంసారమను వ్యాధికి మందును, ఆ మందు నొసగు వైద్యుడును శ్రీమన్నారాయణుడే యని పెద్దలు ఈ నామములకు అర్థము చెప్పుదురు. ఆ స్వామియే క్షీరసాగర మథన సమయమున అమృతకలశమును ధరించి ధన్వంతరిగా అవతరించెను. కావున వైష్ణవ గృహములకు వైద్యశాస్త్రము పరాయిది కాదు. మందు పుచ్చుకొనునపుడు అచ్యుత, అనంత, గోవింద నామములను స్మరించు ఆచారము నేటికిని మన పెద్దలలో కలదు.

ఇట్లుండగా, పూర్వపు కర్నూలు జిల్లాలోనిదై 2022 నుండి నంద్యాల జిల్లాకు చేరిన అహోబిలమునకు గాని, కడప జిల్లా ఒంటిమిట్టకు గాని, గండి క్షేత్రమునకు గాని వచ్చు యాత్రికుల మాటలలో ఒక సందేహము తరచు వినవచ్చుచుండును. "స్వామిని నమ్మినవారము గదా, ఇంగ్లీషు మందు వాడవచ్చునా?" అని కొందరు. "ఆసుపత్రి మందుతోపాటు ఆకుమందు వాడిన దోషమా?" అని మరికొందరు. "రెండును వాడుచున్నాము, డాక్టరుగారికి మాత్రము చెప్పలేదు, చెప్పినచో కోపగించుకొందురు" అని ఎక్కువమంది. మొదటి రెండు ప్రశ్నలకు సమాధానము కష్టము కాదు. మూడవ మాటయే మిక్కిలి ప్రమాదకరము. ఈ వ్యాసము ముఖ్యముగా దానిని గూర్చియే.

శ్రీమద్రామాయణమున యుద్ధకాండను ఒకమారు స్మరింతము. రావణుడు ప్రయోగించిన శక్తి తగిలి లక్ష్మణస్వామి రణభూమియందు పడిపోయెను. శ్రీరామచంద్రుడు సాక్షాత్ పరబ్రహ్మము. ఆయన తలచుకొన్నచో తమ్ముని లేపుట ఎంతపని? అయినను ఆ ప్రభువు అట్లు చేయలేదు. సామాన్య మానవునివలె విలపించెను. అప్పుడు వానరవైద్యుడైన సుషేణుడు ముందుకు వచ్చెను. వచ్చినవాడు వెంటనే మూలికలకై పరుగెత్తమనలేదు, మంత్రమును జపింపనులేదు. మొదట లక్ష్మణుని పరీక్షించెను. ముఖము నల్లబడలేదు, కాంతి తప్పలేదు, అరచేతులు ఎర్రతామరలవలె నున్నవి, ప్రాణము పోలేదు అని గుర్తులు చూచి నిశ్చయించుకొనెను. ఆ గుర్తులను రామునకు చెప్పి ఊరడించెను. ఆ పిమ్మటనే హనుమంతుని పిలిచి ఓషధిపర్వతమునకు పంపెను. రోగమేదో తెలియకముందే మందు పేరు చెప్పువానిని సుషేణుని శిష్యుడనుటకు వీలులేదు. వాడు ఆకులమ్మువాడైనను సరే, సూదిమందు వేయువాడైనను సరే.

హనుమ పర్వతము చేరెను. అచట ఓషధులు అసంఖ్యాకము. విశల్యకరణి ఏది, సంధానకరణి ఏది అని తెలియలేదు. వ్యాకరణ పండితుడు, సూర్యుని శిష్యుడు, బుద్ధిమంతులలో శ్రేష్ఠుడు అయిన హనుమ ఆ సమయమున ఏమి చేసెనో గమనింపవలెను. తోచిన ఆకునొకదానిని కోసికొని రాలేదు. ఎరిగినవాడు వచ్చి చూపించువరకు ఆగియుండనూలేదు. కాలము మించినచో కీడు కలుగునని తలపోసి శిఖరమునే పెకలించి తెచ్చి సుషేణుని ముందుంచెను. సుషేణుడు అందులోనుండి తగిన మూలికను ఏరి, నూరి, లక్ష్మణుని నాసికయందు ప్రయోగించెను. తనకు తెలియనిదానిని తెలిసినట్లు నటింపకుండుట, ఆలస్యము చేయకుండుట, ఉన్నదంతయు వైద్యుని ముందుంచుట, ఈ మూడు పనులను హనుమ ఒక్క రాత్రిలో చేసి చూపెను. రాయలసీమలో ఆంజనేయుని గుడి లేని ఊరు అరుదు. ఆ స్వామికి ఆకుపూజ చేయు మనము ఆయన చేసిన ఈ పనిని ఎంతవరకు అనుసరించుచున్నామో ఆలోచింపవలెను.

ఆయుర్వేద గ్రంథములు ఈ విషయమున ఏమి చెప్పుచున్నవి? చరకుడు చికిత్సను మూడు విధములుగా విభజించెను. మంత్రము, హోమము, వ్రతము, దేవతార్చన మొదలైనవి దైవవ్యపాశ్రయము. ఆహారము, ఔషధము తగినరీతిగా కూర్చుట యుక్తివ్యపాశ్రయము. మనస్సును అహితమైనవాని నుండి మరల్చుట సత్త్వావజయము. ఈ మూడింటిని పక్కపక్కన నిలిపెనే గాని, మొదటిది చేసినవాడు రెండవది మానవలెనని ఆయన ఎచటను చెప్పలేదు. మరియొక విశేషము. గుల్మరోగమును గూర్చి చెప్పుచు, అది పక్వమై శస్త్రముతో పనిబడినపుడు అధికారము ధాన్వంతరీయులదని, అనగా శస్త్రవైద్యులదని, చరకుడు స్పష్టముగా చెప్పి తాను తప్పుకొనెను. తన శాస్త్రమునకు గల మేరను తానే గీసికొన్న ఆ మహనీయుని పేరు చెప్పుకొని "మా చూర్ణము ముందు ఆపరేషను ఎందుకు?" అనువారు నేడు కలరు! వారు చరకుని చదివినవారు కారని సులభముగా తెలియగలదు.

చికిత్సకు నాలుగు పాదములున్నవని కూడ చరకుడే చెప్పెను: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములు. రోగికి ఉండవలసిన గుణములు జ్ఞాపకశక్తి, చెప్పినట్లు చేయుట, భయపడకుండుట, తన రోగమును గూర్చి ఉన్నదున్నట్లు తెలియజెప్పగలుగుట. ఈ నాలుగవ గుణమునకు జ్ఞాపకత్వమని పేరు. డాక్టరుగారు కోపగించుకొందురని పసరు సంగతి దాచిన రోగి చికిత్సాపాదములలో ఒకదానిని తానే విరుగగొట్టుకొనుచున్నాడు.

ఇచట కొన్ని మాటల అర్థము స్పష్టము చేసికొనుట మంచిది. ఆసుపత్రి చికిత్సకు తోడుగా యోగమో, ధ్యానమో, పథ్యమో, మూలికయో వాడినచో దానిని అనుబంధ వైద్యమనవచ్చును. ఆసుపత్రి చికిత్స మానివేసి దానికి బదులుగా వాడినచో అది ప్రత్యామ్నాయ వైద్యము. రెండు పక్షముల వైద్యులును పరస్పరము ఎరిగి, ఒకరు చేయునది ఒకరికి తెలిసి, పరీక్షకు నిలిచిన పద్ధతులను కలిపి చేయునది సమన్వయ వైద్యము. కావున ఒకే తులసి కషాయము ఒక ఇంట అనుబంధము, మరియొక ఇంట ప్రత్యామ్నాయము కావచ్చును. జలుబు చేసినపుడు కషాయము త్రాగుటలో ఎవరికిని ఆక్షేపణ లేదు. క్షయరోగికి మాత్రలు మానిపించి అదే కషాయము పోయుట ఘోరము. తేడా ఆకులో లేదు.

ఇక మన సీమ సంగతి. నల్లమల, ఎర్రమల, పాలకొండ, శేషాచలములు మన జిల్లాలకు వెన్నెముకలవంటివి. ప్రపంచమున ప్రకృతిసిద్ధముగా ఎర్రచందనము పెరుగునది ప్రధానముగా ఈ కొండల ప్రాంతముననే. పొడపత్రి, నేలవేము, మారేడుగడ్డలు, తిప్పతీగ, నేల ఉసిరి మొదలగువానిని చెంచులు, పశువుల కాపరులు, పల్లెవైద్యులు తరతరములుగా ఎరుగుదురు. ఆ జ్ఞానమును తక్కువచేసి మాటలాడుట అవివేకము. ప్రత్యక్షముగా తెలిసికొనదలచినవారు ఒక పొడపత్రి ఆకును నమలి, పిమ్మట చిటికెడు పంచదార నోట వేసికొనవలెను. తీపి తెలియదు, ఇసుక నమలినట్లుండును. మధునాశిని యను సంస్కృత నామము ఊరక రాలేదు. ఆ ఆకునందలి ద్రవ్యములు నాలుకపై తీపిని గ్రహించు స్థానములను కొంతసేపు కప్పివేయును. రక్తములోని చక్కెరను కొంత తగ్గించు గుణము కూడ దానికి కలదని పరిశోధకులు గుర్తించిరి.

అయితే దీనినుండియే చిక్కు పుట్టుచున్నది. మధుమేహమునకు మాత్రలు వాడుచున్నవాడు, లేక ఇన్సులిన్ తీసికొనుచున్నవాడు, ఎవరికిని చెప్పకుండ పొడపత్రి చూర్ణమును గూడ సేవించినచో రెండును కలిసి చక్కెరను మితిమీరి దించవచ్చును. చెమటలు, వణకు, కన్ను చీకట్లు క్రమ్ముట, స్పృహ తప్పుట సంభవించును. ఆసుపత్రిలో డాక్టరుగారు కారణము తెలియక మాత్రను అనుమానించును. ఇంటివారు గ్రహచారమును అనుమానింతురు. చూర్ణమును ఎవరును అనుమానింపరు. దీనికి విపరీతమైనది మరింత భయంకరము. చిన్నపిల్లలకు వచ్చు మధుమేహమున శరీరము తనంతట ఇన్సులిన్‌ను తయారుచేయలేదు. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనువారు ఇన్సులిన్‌ను వేరుచేయుటకు ముందు అట్టి బిడ్డలు బ్రదుకుట కల్ల. ఆ బిడ్డకు సూది మాన్పించి ఏ పసరు పోసినను, ఎంత భక్తితో పోసినను, ప్రాణమునకే ముప్పు. భక్తుడైన తండ్రి ఈ ఒక్కమాట మరువరాదు.

పచ్చకామెర్ల విషయము మరింత విచారింపదగినది, ఏలయన మన పల్లెలలో పసరువైద్యమునకు వచ్చిన కీర్తిలో పెద్దభాగము దీనివలననే. కలుషిత జలము ద్వారా సోకు కామెర్లు చాలమందిలో కొన్ని వారములలో శరీరశక్తిచేతనే తగ్గిపోవును. పసరు త్రాగినవారికిని తగ్గును, త్రాగనివారికిని తగ్గును. త్రాగినవారు ఆ మాట పది ఊళ్ళకు చెప్పుదురు. అయితే కామెర్లు ఒక రోగము పేరు కాదు, అనేక రోగములకు గుర్తు. పిత్తకోశమునందలి రాయి నాళమును అడ్డగించినను కన్నులు పచ్చబడును. హెపటైటిస్ బి వలనను, క్యాన్సరు వలనను పచ్చబడును. గర్భవతికి వచ్చినచో తల్లికిని బిడ్డకును అపాయము. వీరందరికిని ఒకే పసరు, ఒకే వాత అనుట సుషేణుడు చేసిన పరీక్షను విడిచిపెట్టుటయే. రక్తపరీక్ష చేయించి కారణము తెలిసికొనిన పిమ్మట పథ్యము పాటింపుడు, అడ్డగించువారెవరు?

నేల ఉసిరిని గూర్చి ఒక చరిత్ర కలదు. హెపటైటిస్ బి క్రిములను మోయుచున్నవారికి మద్రాసులో పరిశోధకులు నేల ఉసిరి చూర్ణము నొసగి, ఫలితములను 1988లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. మందు పుచ్చుకొన్న 37 మందిలో 22 మందికి రోగచిహ్నము పోయెననియు, ఉత్తి పొడి పుచ్చుకొన్న 23 మందిలో ఒక్కరికే పోయెననియు తెలిపిరి. దేశమంతయు సంతోషించెను. తరువాత ఇతర స్థలములలో చేసిన పరీక్షలలో అట్టి ఫలితము కనబడలేదు. ఇది మన మూలికకు పరాభవమని బాధపడనక్కరలేదు. పరీక్షకు నిలువని ఇంగ్లీషు మందులు ఎన్నియో చెత్తబుట్టలో పడినవి. బంగారమును నిప్పులో వేయుట దానిపై ద్వేషముచేత గాదు గదా! సర్పగంధి నిప్పులో నిలిచెను. 1931లో సేన్, బోస్ అను భారతీయ వైద్యులు రక్తపోటుపై దాని గుణమును వెల్లడించిరి. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ బ్రిటిష్ పత్రికలో వ్రాసిన వ్యాసముతో లోకమంతయు దానిని స్వీకరించెను. చైనా దేశపు ప్రాచీన గ్రంథములు చదివి మలేరియాకు మందు వెలికితీసిన తూ యూయూ అను విదుషీమణికి 2015లో నోబెల్ బహుమానము లభించెను.

పాముకాటు విషయమున మాత్రము చర్చకు తావులేదు. 2000 నుండి 2019 వరకు మన దేశమున పాముకాటుచే సుమారు 12 లక్షలమంది మరణించిరని పరిశోధకులు లెక్కగట్టిరి. ఈ మరణములు అధికముగా జరిగిన రాష్ట్రములలో ఆంధ్రప్రదేశము కూడ ఒకటి. శనగచేనిలో, కళ్ళములో, ఇంటి నేలపై పడుకొన్నచోట రైతు కాటుకు గురియగును. కరచిన పాము విషసర్పము కాకపోవచ్చును. విషసర్పమైనను కొన్నిసార్లు విషము దింపకయే కరచును. అట్టివారు మంత్రముతో బ్రతికితిమని నమ్ముదురు. నిజముగా విషమెక్కినవానికి మంత్రగాని ఇంటివద్ద గడచిన రెండు గంటలే మరణకారణము. కట్లపాము రాత్రివేళ కరచినచో నొప్పి కూడ అంతగా తెలియదు. కోయరాదు, నోటితో పీల్చరాదు, త్రాడుతో బిగించి కట్టరాదు, నడిపింపరాదు. కరచిన అవయవమును కదలనీయక వెంటనే విషవిరుగుడు సూది దొరకు ఆసుపత్రికి చేర్పవలెను. నారసింహ మంత్రమునందు నమ్మకము గలవారు బండిలో కూర్చుండియే జపింపవచ్చును. స్వామి బండిలో నున్నవారి మొర వినడా?

పుత్తూరు కట్టును గూర్చి కూడ అడుగుచుందురు. కడప నుండి తిరుపతి మీదుగా పోయి అచట విరిగిన ఎముకలకు కట్టు కట్టించుకొని వచ్చినవారు ప్రతి ఊరను కలరు. ఎముక నిలుకడగా నుండి చర్మము చెక్కుచెదరక యున్నచోట వెదురుబద్దల కట్టు పనిచేయుటలో ఆశ్చర్యము లేదు. కదలకుండ నిలుపుటయే గదా పిండికట్టు చేయు పనియు. గాయమై ఎముక బయటికి కనబడినను, వ్రేళ్ళు నల్లబడినను, తిమ్మిరియెక్కినను మాత్రము ఆ ప్రయాణము మాని దగ్గరి ఆసుపత్రికే పోవలెను.

ఈ రెండు వైద్యముల సమన్వయము మనకు కొత్తది కాదు. కర్నూలు, కడప జిల్లాలు మద్రాసు రాజధానిలో నున్న కాలముననే, 1921లో ప్రభుత్వము ఉస్మాన్ గారి అధ్యక్షతన దేశీయ వైద్యములను గూర్చి ఒక సంఘము నియమించెను. 1923లో నివేదిక వచ్చెను. 1925లో మద్రాసున కెప్టెన్ శ్రీనివాసమూర్తిగారు ప్రిన్సిపాలుగా భారతీయ వైద్య పాఠశాల వెలసెను. ఆ దినములలో ఆచంట లక్ష్మీపతిగారను ఆంధ్రుడు పాశ్చాత్య వైద్యమున పట్టము పొందియు, పండిత దీవి గోపాలాచార్యులవారి వద్ద శిష్యుడై ఆయుర్వేదము నేర్చెను. పట్టభద్రుడు పండితుని పాదములవద్ద కూర్చుండుట ఆ కాలమున సామాన్యవిషయము కాదు. ఆయన ధర్మపత్ని రుక్మిణీ లక్ష్మీపతిగారు 1946లో మద్రాసు రాష్ట్ర ఆరోగ్యశాఖ మంత్రిణియైరి.

భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యము చదివి, లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో ఉపన్యాసకుడుగా పనిచేసెను. సంగ్రహణి వ్యాధి ఆయన సోదరులనిద్దరిని పొట్టనబెట్టుకొనెను, ఆయనకును సోకెను. లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో ఆయన కోలుకొనెనని ఆయన జీవితచరిత్ర చెప్పుచున్నది. ఆ సుబ్బారావుగారే అమెరికా చేరి, 1940ల దశకమున తన సహచరులతో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయించెను. ఆ సంగ్రహణికే అది మందయ్యెను! బోదకాలునకు వాడు హెట్రజాన్, పిల్లల రక్తక్యాన్సరుకు మొదట వాడిన అమినాప్టెరిన్ ఆయన బృందము కృషియే. నేడు గర్భవతులకు ఇచ్చు మాత్రలోని ఫోలిక్ ఆమ్లమును చూచినప్పుడెల్ల ఈ ఆంధ్రుని తలచుకొనవలెను. ఆకుమందుతో లేచిన దేహము ఇంగ్లీషు మందులను లోకమునకిచ్చెను. ఏ వైద్యము గొప్పదని వాదించువారు ఈయనను ఏ పక్షమున చేర్తురో!

ప్రకృతిసిద్ధమైనది గనుక హానిచేయదను మాట కూడ పరీక్షింపదగినది. గన్నేరు ప్రకృతిసిద్ధమే, ఉమ్మెత్తయు అంతే. రసౌషధములలో పాదరసము, సీసము చేరును. 2008లో అమెరికాలో పరిశోధకులు కంప్యూటరు ద్వారా అమ్ముడగు ఆయుర్వేద మందులను పరీక్షింపగా సుమారు అయిదింట ఒకదానిలో సీసమో, పాదరసమో, ఆర్సెనికమో కనబడెను. కీళ్ళనొప్పులకని సంతలలో అమ్ము పేరులేని పొడులలో స్టెరాయిడ్లు కలిపిన సంగతి పలుమార్లు బయటపడినది. మరల, ప్రతి జ్వరమునకు సూదియు, ప్రతి దగ్గునకు యాంటీబయాటిక్ మాత్రయు ఇచ్చు ఇంగ్లీషు వైద్యము కూడ ధన్వంతరి వైద్యము కాదు. చీటీ లేని పొట్లమును, కారణము చెప్పని సూదిని ఒకే రీతిగా శంకింపవలెను. రోగము తప్పక నయము చేసెదమని ప్రకటనలు వేయువారిని అదుపుచేయుటకు 1954లోనే చట్టము వచ్చినది. అయినను గోడలపై రాతలు తగ్గలేదు.

కర్నూలు పెద్దాసుపత్రికి గాని, కడప రిమ్స్‌కు గాని పోవునపుడు ఒక సంచి తీసికొనిపోవలెను. అందులో వాడుచున్న మాత్రలు, చూర్ణములు, హోమియో గుళికల సీసా, పసరు ఆకు ఒక రెమ్మ, పాత చీటీలు అన్నియు నుంచి డాక్టరుగారి బల్లపై పెట్టవలెను. ఆయుర్వేద వైద్యుని వద్దకు పోయినను అట్లే. ఆపరేషనుకు ముందు ఇది మరింత ముఖ్యము. కొన్ని మూలికలు రక్తము గడ్డకట్టుటను ఆలస్యపరచును. డాక్టరుగారు విసుగుకొనినచో విసుగుకొననిండు. హనుమ కొండను దింపినపుడు "ఇంతయు ఎందుకు తెచ్చితివి?" అని సుషేణుడు అడుగలేదని వారికి జ్ఞాపకము చేయవచ్చును.

తుదకు ఉపవాసములను గూర్చి. ఏకాదశినాడు మాత్ర మ్రింగినచో వ్రతభంగమని ఎందరో తల్లులు మానివేయుచున్నారు. మహాభారతము ఉద్యోగపర్వమున విదురుడు వ్రతమును చెడగొట్టనివి ఎనిమిదింటిని చెప్పెను. నీరు, మూలములు, ఫలములు, పాలతోపాటు ఆ ఎనిమిదింటిలో గురువాక్యము, ఔషధము కూడ నున్నవి. రక్తపోటు మాత్రను, మూర్ఛమాత్రను ఏకాదశియని మానరాదు. మధుమేహము గలవారు మాత్రను యథాప్రకారము వేసికొని ఆహారము మానుట కూడ అపాయమే. దశమికి ముందుగనే వైద్యుని అడిగి మోతాదును నిర్ణయించుకొని, పాలో ఫలములో స్వీకరించి వ్రతము జరుపవలెను. ఎగువ అహోబిలము నుండి జ్వాలానరసింహుని సన్నిధికి రాళ్ళదారిన ఎక్కు యాత్రికులు ఇది మరింత గుర్తుంచుకొనవలెను. దారిలో చెమటలు పట్టి, చేతులు వణకి, కన్నులు తిరిగినచో దర్శనమయ్యెదాక ఓర్చుకొందమని నడువరాదు. అచటనే కూర్చుండి బెల్లపు ముక్కయో, నృసింహస్వామికి ప్రీతియైన పానకమో పుచ్చుకొని, తేరుకొన్న పిమ్మటనే తోడున్నవారితో కదలవలెను. కొండ దిగిన మరునాడు ఆ సంగతి వైద్యునికి చెప్పి మాత్ర మోతాదును సరిచూపించుకొనవలెను.